ర్యాపర్ చెవిలో నా ఉద్యోగం

స్టేజి ముందు కూర్చున్నవాళ్ళకు వినిపించే శబ్దం వేరు, స్టేజి మీద నిలబడి పాడేవాడికి వినిపించే శబ్దం వేరు. మొదటిదాన్ని చూసుకునే మనిషి హాలు మధ్యలో పెద్ద మిక్సర్ ముందు నిలబడి అందరికీ కనిపిస్తాడు. రెండోదాన్ని చూసుకునే మనిషి స్టేజి పక్కన తెర చాటున ఉంటాడు. ఆ మనిషిని మానిటర్ ఇంజనీర్ అంటారు. సింగపూర్‌లో ఇరవై తొమ్మిదేళ్ళు నేను చేసిన ఉద్యోగం అదే.

మన తెలుగువాళ్ళలో చాలామందికి నేను ‘మైకు ఆంటీ’ని. ఉగాది కార్యక్రమంలో మైకు కుయ్యిమంటే అందరూ నా వైపు తిరుగుతారు, అది నా మిక్సర్ కాకపోయినా సరే. ఈమధ్య పాలిటెక్నిక్‌లో సౌండ్ చదువుతున్న ఇద్దరు తెలుగు పిల్లలు ఇంటికి వచ్చి, ఈ పనిలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి ఆంటీ అని అడిగారు. రెండు గంటలు మాట్లాడినా సగం కూడా చెప్పలేకపోయాను, అందుకని రాస్తున్నాను. ఏ మిక్సర్ మీద చెయ్యి తిరగాలి, ఏ సర్టిఫికెట్ సంపాదించాలి అన్నది ఇందులో ఉండదు. ప్రమోషన్ల గురించి కూడా అడగకండి. మా కంపెనీలో ఉన్నవి రెండే మెట్లు, కేబుళ్ళు చుట్టేవాళ్ళు, చుట్టమని చెప్పేవాళ్ళు.

సినిమా గాయకులకు పనిచేశాను, చైనీస్ ఆపెరా బృందాలకు పనిచేశాను, మంత్రాలు మొదలుపెట్టే ముందు మైకును పసుపునీళ్ళతో శుద్ధి చేయాలన్న పురోహితుడి నుంచి మైకును కాపాడాను. అయినా ఇక్కడ ఎక్కువగా ఒక్క మనిషి గురించే రాస్తాను. అతను ఇంగ్లండు ర్యాపర్. పద్నాలుగేళ్ళలో అతను ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ అతని చెవుల్లోకి వెళ్ళిన శబ్దం నా చేతుల మీదుగానే వెళ్ళింది. లోకానికి తెలిసిన అతని స్టేజి పేరు రాయను. ఇంట్లో పెట్టిన పేరు క్వామె. ఇప్పటికీ స్టేజి ఎక్కుతున్నాడు, కాకపోతే బాగా తక్కువగా. ఇదంతా రాయనా అని అడిగితే సరేనన్నాడు, తనను మాత్రం కాస్త పొడుగ్గా రాయమన్నాడు. అతను పొట్టివాడే.

లిమ్ దగ్గర

భీమవరంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, పెళ్ళయ్యాక మా ఆయన వెంట ఇక్కడికి వచ్చాను. ఆయనది సెంబవాంగ్ షిప్‌యార్డులో వెల్డింగులు తనిఖీ చేసే పని. ఇంట్లో ఊరికే కూర్చోలేక, వుడ్‌ల్యాండ్స్‌లో సౌండ్ సామాన్లు అద్దెకిచ్చే ఒక చిన్న కంపెనీలో రిపేర్లు తెలిసిన మనిషి కావాలంటే వెళ్ళాను. యజమాని పేరు లిమ్. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. చీరలో ఉన్నాను. మూలనున్న పెద్ద స్పీకర్ పెట్టె చూపించి, “క్యారీ, కెన్ ఆర్ నాట్?” అన్నాడు. కొంగు బిగించి ఎత్తేశాను. ఆ పెట్టెలో స్పీకరే లేదని తర్వాత తెలిసింది. నేను ఎత్తడానికి ముందుకు వస్తానా, వెనక్కి తగ్గుతానా అని చూడ్డానికి ప్రతివాళ్ళకూ ఆ ఖాళీ పెట్టే చూపిస్తాడట.

ఏడాది పాటు కేబుళ్ళు చుట్టాను. ఒక రోజు మానిటర్ మనిషి జ్వరమని రాకపోతే లిమ్ నన్ను ఆ చోట నిలబెట్టాడు. నేను శబ్దం ఎంతుందో చూపిస్తూ మిక్సర్ మీద వెలిగే మీటర్లను కన్నార్పకుండా చూస్తున్నాను. లిమ్ వెనక నుంచి వచ్చి ఒక అట్ట ముక్కతో ఆ మీటర్లన్నిటినీ కప్పేశాడు.

“యూ ఆల్వేస్ లుక్ మీటర్ ఫర్ వాట్? లుక్ ఫేస్ లా!” మాట చివర ‘లా’ తగిలించడం ఇక్కడి ఇంగ్లిషు అలవాటు.

పాడేవాడు పాట మధ్యలో నోరు తెరిచి నీకు ఏమీ చెప్పలేడు. తన గొంతు తనకు వినిపించకపోతే మెడ కాస్త ముందుకు సాగుతుంది. వాద్యం ఎక్కువైతే కనుబొమలు దగ్గరికొస్తాయి. పెళ్ళి పంక్తిలో వడ్డించే మనిషి కూరగిన్నె పట్టుకుని విస్తళ్ళను చూస్తూ నడిచినట్టు, నేను మొహాలు చూస్తూ పనిచేయడం నేర్చుకున్నాను. వాళ్ళు అడక్కముందే వాళ్ళకు కావలసింది చెవిలో పడేది. అడక్కముందే ఇస్తుందన్న పేరు నాకు త్వరగానే వచ్చింది, ఆ పేరంటే నాకు ఇష్టంగానూ ఉండేది. లిమ్ లాంటి బాస్ నాకు మళ్ళీ దొరకలేదు. అయినా ఆయన నేర్పింది సగం పాఠమేనని ఇప్పుడు చెప్పగలను. మిగతా సగం నేర్చుకోవడానికి నాకు ఇరవై ఏడేళ్ళు పట్టింది.

ఎకో

మన సంఘాల కార్యక్రమాలకు సౌండ్ చేసినవాళ్ళకు ఈ బాధ తెలుసు. మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ ముందు అడిగేది ఒకటే, “ఆంటీ, కొంచెం ఎకో పెట్టండి.” ఎకో పెడితే ఎవరి గొంతయినా కొండల్లోంచి వచ్చినట్టు ఉంటుంది, శ్రుతి తప్పినా అంతగా తెలియదు. ప్రార్థన గీతానికి ఎకో, సన్మాన పత్రానికి ఎకో, భోజనాలు పైఅంతస్తులో అని చెప్పడానికి కూడా ఎకో. అలా ఏళ్ళ తరబడి చేసి చేసి, మైకు కనిపిస్తే నా చెయ్యి తనంతట తనే ఎకో మీట మీదికి వెళ్ళిపోయేది.

క్వామె మొదటిసారి వచ్చినప్పుడు అతనికి ఇరవై ఒకటో ఏడు. హాలు కూడా చిన్నది. సాయంత్రం ప్రదర్శన అయితే మధ్యాహ్నమే అన్నీ సరిచూసుకుంటాం, దాన్ని సౌండ్‌చెక్ అంటాం. అతను నాలుగు లైన్లు చెప్పి ఆగిపోయాడు, వెనక్కి తిరిగి చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. వాళ్ళ అమ్మానాన్నలు ఘనా దేశం నుంచి లండన్ వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు. వాళ్ళలోనూ పెద్దవాళ్ళెవరినైనా ఆంటీ అనే పిలుస్తారు. అతని లండన్ ఇంగ్లిషును నాకొచ్చిన తెలుగులో రాస్తున్నాను.

“ఆంటీ, నా వెనకాల ఎవరో నిలబడి నేనన్నదే మళ్ళీ అంటున్నారు. వాణ్ణి బయటికి పంపించేయండి.”

“అది ఎకో బాబూ. పాటకి అందం.”

“నేను పాడట్లేదు ఆంటీ, మాట్లాడుతున్నాను. తాళానికి సరిపోయేట్టు వేగంగా మాట్లాడుతున్నాను. ఒక మాట అయిపోగానే ఇంకోటి వచ్చి కూర్చోవాలి. మీరు పాత మాటని లేవనివ్వట్లేదు, కొత్త మాట ఎక్కడ కూర్చుంటుంది?”

నాకు ఒళ్ళు మండింది. నా చేతికింద ఎంతమంది గాయకులు పాడారు, ఈ పిల్లాడు నాకు చెప్పడమేమిటి అనిపించింది. అతను మాత్రం స్టేజి దిగి మిక్సర్ దగ్గరికి వచ్చి, నా అరచేతిని తన నోటి ముందు పెట్టమని, మైకు లేకుండా ఆ నాలుగు లైన్లూ చెప్పాడు. ప్రతి మాట చివరా చిన్న గాలి దెబ్బ అరచేతికి తగిలింది. “ఈ దెబ్బ వినపడాలి ఆంటీ, ఇంతే నేను అడిగేది,” అన్నాడు. ఎకో మొత్తం తీసేశాను. అప్పుడు ఆ మాటలు ఒక్కొక్కటీ గింజ గింజగా వచ్చాయి. నా అలవాటును ఇంకొకరి పనిలో కలిపేశానని ఒప్పుకోక తప్పలేదు, ఒప్పుకున్నాను. మీరు ఏ సంగీతం వింటూ పెరిగారో ఆ రుచి మీ ఇంట్లో ఉంచి పనికి రండి.

బస్సులో చివరి సీటు

సౌండ్‌చెక్ అయ్యాక ప్రదర్శనకు మూడు నాలుగు గంటలుంటుంది. ఆ వేళ మానిటర్ మనిషితో ఎవరూ మాట్లాడరు. క్వామె వచ్చి సామాన్ల పెట్టె మీద కూర్చునేవాడు. అతని బతుకు నాకు అలా ముక్కలు ముక్కలుగా తెలిసింది.

లండన్‌కు దక్షిణాన ఒక సంతలో వాళ్ళమ్మకు కొట్టు ఉండేది. అరటికాయలు, పెండలాలు, ఎండుచేపలు. శనివారాలు ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి పక్కన నిలబెట్టుకుని కేకలు వేయించేది. పక్క కొట్టువాడిది కంచుగొంతు. వాడికంటే గట్టిగా అరవడం తన వల్ల కాదని తెలిసి, వీడు వేగంగా, ప్రాస కుదిర్చి, కిందటి వారం వచ్చినవాళ్ళ మీద నాలుగు చెణుకులు కలిపి అరవడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు సంచులు కింద పెట్టి నిలబడి వినేవాళ్ళట. వాళ్ళ నాన్న సిటీ బస్సు డ్రైవరు. రాసుకోవడానికి ఇంట్లో చోటు లేక, క్వామె నాన్న నడిపే బస్సే ఎక్కి చివరి సీట్లో కూర్చుని ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూ రాసేవాడు.

“నువ్వు రాస్తుంటే చూసి మీ నాన్న ఏమన్నాడు?” అని అడిగాను.

“టికెట్టు అడిగాడు,” అన్నాడు.

మొదటి పాటలు వాళ్ళమ్మ బట్టల బీరువాలో దూరి రికార్డు చేశాడు. రెండు పాటలు వాళ్ళ దేశమంతా మోగిపోయాయి. రెండోసారి ఇక్కడికి వచ్చేసరికి వేలమంది పట్టే హాలు కావలసి వచ్చింది. పేరు వచ్చాక అతను చెడిపోలేదు గానీ తొందర ఎక్కువైంది. చెప్పిన వేళకు రాడు, డీజేలను చొక్కాలు మార్చినట్టు మార్చేవాడు. కొన్ని పాటల్లో బూతులుంటాయి, అవి నాకు నచ్చవని మొహం మీదే చెప్పాను. “అమ్మ కూడా అదే అంది,” అని నవ్వాడు, ఒక్క బూతూ తీయలేదు. మనకు పాట నచ్చక్కర్లేదు, పాడేవాడికి అది సరిగ్గా వినిపిస్తే చాలు. ఈ మాట కొత్తవాళ్ళకు మింగుడుపడదు, అయినా ఇది నిజం.

అడిగినంత

మూడోసారి వచ్చేముందు అతని మేనేజర్ డంకన్ లండన్ నుంచి ఫోన్ చేశాడు. “బొట్టు పెట్టుకునే ఆంటీ మానిటర్ దగ్గర ఉంటేనే వస్తానంటున్నాడు,” అన్నాడు. బ్యాంకాక్, జకార్తా, మనీలా కూడా నన్నే వెంట తీసుకెళ్ళారు. నేను ఎంత పొంగిపోయానంటే, ఆ వారం కూరగాయల కొట్టువాడికి కూడా చెప్పాను.

అప్పటికి అతను స్టేజి మీది స్పీకర్లు మానేసి చెవుల్లో పెట్టుకునే ఇయర్‌పీసులకు మారాడు. నేను పంపించే శబ్దం నేరుగా చెవిలోకి వెళుతుంది. నాకొక అలవాటు, అతనికి ఎంత శబ్దం నచ్చిందో మిక్సర్ మీద చిన్న టేపు ముక్కతో గుర్తు పెట్టుకుని, రాసి ఉంచేదాన్ని. తర్వాతిసారి అక్కణ్ణుంచే మొదలుపెట్టేదాన్ని. ప్రతిసారీ కొత్త టేపు పాత టేపుకంటే పైన పడేది. ఏడాదికి ఒక వేలు వెడల్పు, ఇంకో ఏడాది రెండు వేళ్ళు. అతను మెడ కాస్త ముందుకు సాచగానే నా చెయ్యి పైకి వెళ్ళేది, మొహం విప్పారేది, నాకు తృప్తిగా ఉండేది. వడ్డించేవాళ్ళు ‘ఇక చాలులే’ అనడం మనలో లేదు. తినేవాడు చెయ్యి అడ్డం పెట్టినా రెండు వేళ్ళ సందులోంచి నెయ్యి పోస్తాం. నేనూ అలాగే పోస్తూ పోయాను. నాకు ఇంత బాగా వచ్చిన పనిలో తప్పేదైనా ఉందేమోనన్న ఆలోచనే రాలేదు.

భోజనానికి వచ్చిన రోజు

రెండేళ్ళ కిందట వచ్చినప్పుడు, ప్రదర్శనకు ముందు రోజు మధ్యాహ్నం బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాటుకు భోజనానికి పిలిచాను. మా అమ్మాయి సాహితి నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

“అమ్మా, యూ నో హూ ఈజ్ సిట్టింగ్ ఆన్ అవర్ సోఫా ఆర్ నాట్? మై ఫ్రెండ్స్ ఆల్ విల్ డై లా!”

“చావడాలు తర్వాత చూద్దురు గాని, ముందు కంచాలు పెట్టు.”

ముద్దపప్పు, గోంగూర, రొయ్యల వేపుడు చేశాను. ఘనాలో కూడా చేత్తోనే తింటారట, హాయిగా కలుపుకుని తిన్నాడు. మా ఆయన అతనికి ఎడంపక్కన కూర్చుని, లండన్ నదిలో ఓడలు ఇంకా తిరుగుతున్నాయా అని అడిగారు. క్వామె తల తిప్పకుండా పప్పు కలుపుకుంటున్నాడు. ఆయన మళ్ళీ అడిగారు. ఈసారీ జవాబు లేదు. ఆయన మొహం చిన్నబోయింది. కాసేపటికి సాహితి అదే వైపు నుంచి పిలిస్తే, క్వామె కుడివైపు తిరిగి చూశాడు.

అతను వెళ్ళిపోయాక మా ఆయన ఊరుకోలేదు. “పెద్దవాడైపోయాడు కదా, మనలాంటోళ్ళు అడిగితే జవాబు చెప్తాడేంటి?”

“అతనికి వినపడలేదండీ.”

“పక్కనే కూర్చున్నాను కదే, వినపడకపోవడమేంటి?”

“అదే నాకూ అర్థం కావట్లేదు,” అన్నాను. నిజానికి అర్థమవుతూనే ఉంది.

ఎడమవైపు

మర్నాడు సౌండ్‌చెక్‌లో క్వామె మొదటి మాటే, “ఆంటీ, ఎడమ చెవిలో నా గొంతు ఇంకొంచెం.” ఇచ్చాను. “ఇంకొంచెం.” ఇచ్చాను. నా చెయ్యి పాత టేపులన్నీ దాటిపోయింది. మూడోసారి అడిగినప్పుడు నేను చేయకూడని పని ఒకటి చేశాను. పాడేవాడికి చెప్పకుండా అతని చెవిలో శబ్దం మార్చి చూడడం మా వృత్తిలో నమ్మకద్రోహం. తెలిసే చేశాను. ఎడమవైపు శబ్దాన్ని పూర్తిగా ఆపేశాను. ఆ చెవిలో ఇక చీమ చిటుక్కుమన్నంత శబ్దం కూడా లేదు. అతను ఒక చరణం మొత్తం చెప్పి, నా వైపు బొటనవేలు ఎత్తాడు.

“ఇప్పుడు బాగుంది ఆంటీ!”

స్టేజి మీద మిగతావాళ్ళను టీకి పంపించి అతణ్ణి పక్కకు పిలిచాను. నేను చేసింది చెప్పాను. అతను సామాన్ల పెట్టె మీద కూర్చుండిపోయాడు.

“ఎన్నాళ్ళ నుంచి?” అని అడిగాను.

“రెండేళ్ళయింది. కుడిది బాగానే ఉంది.”

“బాగుందని ఎవరు చెప్పారు?”

“నేనే.”

డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటే కారణం ముందే సిద్ధంగా ఉంది. చెవి పోయిందని కాగితం మీద పడితే టూరుకు బీమా చేసేవాళ్ళు అడుగుతారు, టూరు ఆగుతుంది, వెంట తిరిగే నలభై మందీ ఇంట్లో కూర్చుంటారు. “అదంతా పక్కన పెట్టండి ఆంటీ. ఎనిమిదేళ్ళప్పటి నుంచీ నాకు వచ్చింది ఇదొక్కటే. ఆపేస్తే నేనెవర్ని?” అన్నాడు. ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి. కుడి చెవి కూడా ఇదే దారి పడితే తన మాట తనకే వినిపించదు, అప్పుడు ఆపాల్సిన పనే ఉండదు, దానంతటదే ఆగిపోతుంది. ఆ సంగతి అతనికీ తెలుసు.

“కుడివైపు ఇవాళ సగానికి తగ్గిస్తాను,” అన్నాను.

అంతే, లేచి అరిచాడు. తనకు పని చెప్పేది నేను కాదన్నాడు, ఆ శబ్దంతో తాను ఒక్క లైను కూడా చెప్పలేనన్నాడు. గొడవ విని డంకన్ పరిగెత్తుకొచ్చాడు. చెవి సంగతి అతనికి చెప్పలేదు, అది చెప్పాల్సింది నేను కాదు. శబ్దం మరీ ఎక్కువైందని మాత్రం అన్నాను. “అతను ఎంత అడిగితే అంత ఇవ్వండి, మీ పని అదేగా?” అన్నాడు డంకన్.

ఇరవై ఏడేళ్ళు నా పని అదేననుకున్నాను. మిక్సర్ మీద నుంచి రెండు చేతులూ తీసేసి వెనక్కి జరిగాను. “ఇదిగో మిక్సర్. పెంచేవాళ్ళెవరైనా ఉంటే వచ్చి పెంచుకోండి. నేను పెంచను.” డంకన్ నోరు తెరవబోతే క్వామె ఆపాడు. “ఆంటీ ఎంతంటే అంతే పెట్టనివ్వు,” అన్నాడు. ఆ మాట నా వైపు చూడకుండా అన్నాడు.

సాయంత్రం ప్రదర్శన అలాగే నడిచింది. రెండుచోట్ల తాళం తప్పాడు. జనానికి తెలియలేదు, నాకూ అతనికీ తెలిసింది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. మొహం చూడండి, అది నిజంగా పెద్ద విద్య. కానీ మీటర్ కూడా చూడండి, ఎందుకంటే మొహం ఇవాళ్టి సంతోషాన్నే చూపిస్తుంది. మిమ్మల్ని నమ్మినవాడికి కాదని చెప్పాల్సిన రోజు వస్తుంది, ఆ రోజు ఉద్యోగం పోతుందేమోనని భయం కూడా వేస్తుంది. పోతే పోనివ్వండి. నేను ఆ మాట పదేళ్ళ ముందే అని ఉంటే అతని ఎడమ చెవి మిగిలేదేమో. ఈ ‘ఏమో’ను నా తప్పుగానే రాసుకున్నాను.

గాజు గది

వాళ్ళ తర్వాతి ప్రదర్శన జకార్తాలో, అక్కడికి వెళ్ళడానికి ఇంకా రెండు రోజులుంది. మర్నాడు పొద్దున్నే క్వామెకు ఫోన్ చేశాను. డాక్టరు అనగానే ఫోన్ పెట్టేయబోయాడు.

“నీకు కాదులే, నాకు. చెవుల పరీక్ష ఉంది నాకు. ఒక్కదాన్నే వెళ్ళాలి, తోడు రా.”

అది అబద్ధం. ఫోన్ పెట్టేశాక వుడ్‌ల్యాండ్స్‌లో ఒక క్లినిక్‌కు ఫోన్ చేసి, ఇద్దరికి కలిపి అప్పుడే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నేను ముందు కూర్చుని, ఇది పళ్ళు పీకడం లాంటిది కాదని చూపిస్తే వాడూ కూర్చుంటాడని నా లెక్క. కాగితం ఎవరి చేతికి ఇస్తారో కూడా అడిగి పెట్టుకున్నాను. పరీక్ష చేయించుకున్నవాళ్ళ చేతికే ఇస్తారట.

పరీక్ష చేసే అమ్మాయి పేరు నూర్, మలయ్ అమ్మాయి, మా సాహితి వయసుంటుంది. లోపల గాజు కిటికీ ఉన్న చిన్న గది. అందులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోవాలి, శబ్దం వినిపించినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. నూర్ బయట మిషన్ ముందు కూర్చుంది. ఆమె శబ్దం పంపించినప్పుడల్లా మిషన్ మీద చిన్న ఆకుపచ్చ లైటు వెలుగుతుంది. క్వామె ఆమె పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

నేను పాఠం చెప్పే టీచర్‌లా కూర్చున్నాను. మొదటి శబ్దానికి నొక్కాను, రెండోదానికి నొక్కాను. ఇంతేనయ్యా అన్నట్టు గాజులోంచి క్వామెకు కళ్ళెగరేశాను. ఇంకో నాలుగైదు నొక్కాక అంతా నిశ్శబ్దమైంది. ఎదురుచూశాను. ఆ అమ్మాయి ఏదో రాసుకుంటోంది కాబోలనుకున్నాను. ఇంకా ఎదురుచూశాను. చివరికి విసుగొచ్చి గాజు మీద తట్టాను.

“నూర్, లైన్ పోయింది. కేబుల్ ఒకసారి చూడమ్మా.”

నూర్ మైకులో చెప్పింది. “ఆంటీ, కేబుల్ ఓకే లా. సౌండ్ ఈజ్ ప్లేయింగ్.”

“ప్లే అవట్లేదు. నేను ఇరవై ఏడేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను, లైన్ పోతే నాకు తెలీదా?”

నేను క్వామె వైపు చూశాను, నా మాటకు నవ్వుతాడనుకున్నాను. అతను నన్ను చూడడం లేదు. నూర్ చేతి పక్కనున్న ఆకుపచ్చ లైటును చూస్తున్నాడు. నేనూ మెడ సాచి చూశాను. అది వెలుగుతోంది, ఆరుతోంది. మళ్ళీ వెలిగింది. నా చెవుల్లో ఏమీ లేదు.

మానిటర్ ఇంజనీర్ పాడేవాడు పెట్టుకున్న ఇయర్‌పీసులే తానూ పెట్టుకోవాలి, అతనికి వెళ్ళే శబ్దాన్నే అంతే గట్టిగా వినాలి. లేకపోతే అతనికి ఏం వినిపిస్తోందో తెలియదు. నేను అతనికి పెంచిన ప్రతిసారీ నాకూ పెంచుకున్నాను. సన్నని శబ్దాలన్నీ నా రెండు చెవుల్లోంచీ ఎప్పుడో వెళ్ళిపోయాయి, నేను గమనించనే లేదు. ఇప్పుడు నా చెవుల్లో వినికిడి మిషన్లున్నాయి. ఆ గదిలో మాత్రం నేను చిన్నపిల్లలా ఏడ్చాను. అతను చూస్తున్నాడని కూడా ఆగలేదు.

క్వామె తలుపు తెరుచుకుని లోపలికి వచ్చాడు. నా జుట్టు చిక్కుకోకుండా మెల్లిగా హెడ్‌ఫోన్లు తీశాడు. “లేవండి ఆంటీ. ఇప్పుడు నేను,” అన్నాడు. నేను బయటికి వచ్చి అతని కుర్చీలో కూర్చున్నాను.

నూర్ కుడి చెవితో మొదలుపెట్టింది. అతను నొక్కుతూ వచ్చాడు. కొన్నిచోట్ల ఆలస్యమైనా నొక్కాడు. నూర్ తల ఊపుతూ రాసుకుంది. తర్వాత ఎడమ చెవి. దానికీ నొక్కాడు. ఒక్కటి కూడా తప్పకుండా, వెంటవెంటనే నొక్కాడు. నూర్ ఆశ్చర్యంగా, “లెఫ్ట్ సైడ్ వెరీ గుడ్ ఏ,” అంది. నేను గాజులోంచి అతని కళ్ళను చూశాను. అవి ఆకుపచ్చ లైటు మీద ఉన్నాయి.

నేను లేచి వెళ్ళి ఆ లైటుకు అడ్డంగా నిలబడ్డాను.

క్వామె నన్ను చూశాడు. పక్కకు తప్పుకోమని చేత్తో సైగ చేశాడు. నేను కదల్లేదు. కాసేపటికి చెయ్యి దించేసి కళ్ళు మూసుకున్నాడు. నా వెనక నూర్ ఎడమ చెవికి మళ్ళీ మొదటి నుంచి శబ్దాలు పంపించడం మొదలుపెట్టింది. అతని బొటనవేలు బటన్ మీదే ఉంది, ఎంతసేపటికీ కదల్లేదు.